కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో పాత తెలుగు సినిమాలు: ఏది ముందు వేయాలి, ఏ కాపీ వేయాలి?

సెమినార్‌హాలు

ఇంజనీరింగ్ కాలేజీ ఫిల్మ్ క్లబ్ కోసం అడుగుతున్నాను. వచ్చేవాళ్ళు 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళు, సుమారు నలభై మంది. నెలకొక శనివారం సాయంత్రం సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ మీద వేస్తాం. ఈ ఏడాది 1950 నుంచి 1980 దాకా వచ్చిన తెలుగు సినిమాలు ఆరు వేయాలని ఉంది.

పిల్లలకు ఆసక్తి లేక కాదు. సావిత్రి జీవితం మీద 2018లో వచ్చిన సినిమా చూసినవాళ్ళే చాలామంది "అసలు సినిమాలు వేయండి" అని అడుగుతున్నారు. కానీ వేశాక వచ్చే ఫిర్యాదులు ఇవి: నిడివి ఎక్కువ, మాటలు సరిగ్గా వినపడవు, మొహాలు సాగినట్టు ఉంటాయి, పద్యం మొదలవగానే ఫోన్లు బయటికొస్తాయి. వీటిలో సినిమాది ఎంత, మేం వేసే తీరుది ఎంత అన్నది తేలడం లేదు.

ఏ వరుసలో వేస్తే నిలబడతారు? ఒకే సినిమాకి నెట్‌లో నాలుగైదు కాపీలు ఉంటే మంచిదాన్ని ఎలా పోల్చుకోవాలి? పేర్ల జాబితా కన్నా "ఇది ఎందుకు ముందు, ఇది ఎందుకు తర్వాత" అన్నది చెబితే ఎక్కువ ఉపయోగం.

---

కృష్ణాతీరం

సంవత్సరాల వరుసలో మాత్రం వేయకండి. అలా వేస్తే నెమ్మదిగా నడిచేవి, శబ్దం బలహీనంగా ఉన్నవి అన్నీ మొదటి రెండు నెలల్లోనే పడతాయి, మూడో నెలకి హాలు ఖాళీ. అలాగే "అన్నిటికన్నా గొప్పది" అని పేరున్నదాన్నీ మొదట పెట్టకండి. కన్ను నలుపు తెలుపుకి, చెవి ఆ మాటతీరుకి అలవాటు పడటానికి ఒక సినిమా పడుతుంది. ఆ మొదటి సినిమా భారం తక్కువది అయి ఉండాలి.

నేనైతే మిస్సమ్మ (1955)తో మొదలుపెడతాను. డిగ్రీలు ఉండి ఉద్యోగాలు లేని ఇద్దరు, భార్యాభర్తలకే ఇస్తామన్న టీచరు ఉద్యోగాల కోసం పెళ్ళయినట్టు నటిస్తారు. అమ్మాయి క్రైస్తవురాలు, అబ్బాయి హిందువు. ఈ ముక్క చెప్పగానే ఇరవై ఏళ్ళ వాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. కథలో క్రూరుడైన విలన్ లేడు, ఏడుపులు తక్కువ, పద్యాల జోలి లేదు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ప్రతి సన్నివేశమూ ఒక చిన్న అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో అబద్ధం ఆడటం మీదే నడుస్తుంది కాబట్టి తర్వాత ఏమవుతుందోనన్న ఆరాటం తగ్గదు. మూలం రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకం, మన్మయీ గర్ల్స్ స్కూల్. ఆ పాత్రకు ముందు అనుకున్నది భానుమతిని, చేసింది సావిత్రి. ఈ రెండు సంగతులూ సినిమా అయ్యాక చెప్పండి, ముందు కాదు. సావిత్రిని కన్నీళ్ళ నాయికగా మాత్రమే విన్న పిల్లలకు, సినిమా అంతా చిరాకుపడుతూ, కసురుకుంటూ ఉండే మేరీ పెద్ద ఆశ్చర్యం.

రెండోది సాక్షి (1967). బాపు మొదటి సినిమా. గోదావరి ఒడ్డున పులిదిండి ఊళ్ళో, సెట్టింగులు లేకుండా తీశారు. బల్లకట్టు నడిపే అమాయకుడు ఒక హత్య చూస్తాడు, కోర్టులో ఉన్నదున్నట్టు చెబుతాడు. హంతకుడు తిరిగొస్తున్నాడని తెలిశాక ఊరు మెల్లమెల్లగా అతన్ని ఒంటరిని చేస్తుంది. థ్రిల్లర్లు చూసే తరానికి ఇది నేరుగా ఎక్కుతుంది. స్టూడియో సినిమా తర్వాత వెంటనే అవుట్‌డోర్ సినిమా వేస్తే, "పాత సినిమాలన్నీ ఒకేలా ఉంటాయి" అన్న మాట రెండో నెలలోనే పోతుంది.

మూడో నెల మాయాబజార్ (1957). ఇక్కడ ముందుగా రెండే నిమిషాలు మాట్లాడండి, అంతకు మించి వద్దు. చెప్పాల్సినవి: శశిరేఖ బలరాముడి కూతురు, అభిమన్యుడు సుభద్ర కొడుకు, చిన్నప్పుడు మాట ఇచ్చుకున్న పెళ్ళిని డబ్బూ హోదా చూసి బలరాముడి ఇంట్లో తప్పుతున్నారు. అంతే, కథ పట్టుబడుతుంది. వ్యాసభారతంలో ఈ కథ లేదనీ, పాండవులు ఐదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారనీ చెప్పి, "చూస్తూ గమనించండి" అనండి. పాండవుల కథలో పాండవులే లేకపోవడం స్క్రీన్‌ప్లే నేర్చుకునేవాళ్ళకి మంచి పాఠం. కె.వి. రెడ్డి ఆ లోటు ఎక్కడా తెలియనివ్వడు.

రెండో సగంలో సావిత్రిని ప్రత్యేకంగా చూడమనండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు ఆమె నడక, భుజాలు, చూపు మొత్తం ఎస్.వి. రంగారావువి అవుతాయి. ఎవరో వస్తే ఒక్క క్షణంలో మళ్ళీ శశిరేఖ. గ్రాఫిక్స్ లేకుండా ఒక శరీరంలో ఇద్దరిని చూపడం అది. పింగళి నాగేంద్రరావు మాటలకు పరిచయం అక్కరలేదు. అస్మదీయులు, తస్మదీయులు, వీరతాళ్ళు, దుష్టచతుష్టయం అన్నవి పిల్లలు ఇప్పటికే మీముల్లో వాడుతున్నారు, అవి ఎక్కడివో తెలియదంతే.

తర్వాత మీ గుంపుని బట్టి దారి మారుతుంది. ఫాంటసీ ఇష్టపడేవాళ్ళు ఎక్కువైతే పాతాళభైరవి (1951). నేపాళ మాంత్రికుడుగా రంగారావు కోసమే చూడొచ్చు, కానీ మూడు గంటలు దాటుతుంది. సంగీతం పట్టినవాళ్ళు ఉంటే మల్లీశ్వరి (1951). ఇది నెమ్మదిగా సాగుతుంది, ఆ నెమ్మదే దాని అందం. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు, సాలూరి రాజేశ్వరరావు స్వరాలు, భానుమతి గొంతు. మొదటి నెలలో వేస్తే వృథా అయిపోతుంది, నాలుగో నెలలో వేస్తే "ఆకాశవీధిలో" దగ్గర హాలు నిశ్శబ్దంగా వింటుంది.

రంగుల్లో ఒకటి కావాలంటే ముత్యాల ముగ్గు (1975). ఉత్తర రామాయణాన్ని గోదావరి ఊళ్ళోకి తెచ్చిన కథ. ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చింది. సహజమైన వెలుతురు తెలుగు తెర మీద అలా పడటం చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. రావు గోపాలరావు కాంట్రాక్టరు మాటలకు నవ్వనివాడు ఉండడు.

గుండమ్మ కథ (1962) గురించి ఒక హెచ్చరిక. హాస్యం అద్భుతం, సూర్యకాంతం, రమణారెడ్డి, రంగారావు ఒకరికొకరు తగ్గరు. కానీ పొగరున్న చిన్న కూతుర్ని కష్టాలు పెట్టి దారికి తేవడం కథలో ఉన్న సంగతి. ఈ కాలపు అమ్మాయిలు అక్కడ తప్పకుండా ప్రశ్నిస్తారు. ప్రశ్నించాలి కూడా. "అప్పట్లో అంతే" అని కొట్టిపారేయకుండా సినిమా తర్వాత ఇరవై నిమిషాలు చర్చ పెట్టగలిగితేనే వేయండి.

మొదట వేయకూడనిది దేవదాసు (1953). గొప్ప సినిమానే. కానీ ఆ తాగుడు, ఆ కుక్క, ఆ దగ్గు మీద వచ్చిన పేరడీలు వీళ్ళు వందసార్లు చూసి ఉంటారు. అసలు చూస్తూ పేరడీ గుర్తొచ్చి నవ్వుతారు. అక్కినేని వేరే వేషాల్లో రెండు మూడు చూశాక వేస్తే నవ్వరు.

---

రీలుపెట్టె

వరుస గురించి కృష్ణాతీరం గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. మీ ఫిర్యాదుల్లో రెండు మాత్రం సినిమావి కావు, కాపీవి: మొహాలు సాగడం, మాటలు వినపడకపోవడం.

మొహాలు సాగడం. ఆ కాలం సినిమాల ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3. (తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు.) ఇప్పటి తెర 16:9. 4:3 బొమ్మని 16:9కి నింపాలంటే రెండే మార్గాలు. అడ్డంగా సాగదీస్తే మనుషులు మూడో వంతు లావవుతారు. సాగదీయకుండా పెద్దది చేస్తే పైనా కిందా కలిపి ఎత్తులో నాలుగో వంతు పోతుంది, అంటే నిలబడ్డవాళ్ళ తలలు, కూర్చున్నవాళ్ళ చేతులు పోతాయి. సరైన పద్ధతి ఒక్కటే: రెండు పక్కలా నల్లపట్టీలు వదలడం. 1920×1080 తెర మీద బొమ్మ 1440×1080 ఉండాలి. "తెర ఖాళీగా ఉంది" అని ఎవరైనా అంటే ఫ్రేము ఆకారమే అది అని ఒక్క వాక్యంలో చెప్పండి, పది నిమిషాల్లో మరిచిపోతారు.

పోల్చుకోవడం ఇలా. ముందు టైటిల్స్ చూడండి. అక్షరాల పైభాగమో, చివరి వరసో తెగి ఉంటే ఆ కాపీ కోసినదే. తర్వాత గుండ్రంగా ఉండాల్సిన వస్తువు దగ్గర ఆపండి. మిస్సమ్మలో "రావోయి చందమామ", మాయాబజార్‌లో "లాహిరి లాహిరి" పాటల్లో చంద్రుడు సరిపోతాడు. కోడిగుడ్డులా ఉంటే సాగదీసినది. సాగదీసినదాన్ని బాగుచేయొచ్చు: వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో "ఏ" మీట నొక్కుతూ 4:3 వచ్చేదాకా వెళ్ళండి. కోసినదాన్ని మాత్రం ఏమీ చేయలేం, ఇంకో కాపీ వెతకాల్సిందే.

కెమెరా పక్కకి తిరిగినప్పుడు మనిషి అంచుల్లో సన్నటి అడ్డగీతలు కనిపిస్తే అది ఇంటర్లేస్ అయిన వీడియో. "డి" మీటతో పోతుంది. గీతలకు బదులు మనిషి వెనకే ఇంకో లేత రూపం కదులుతుంటే ఫ్రేముల్ని కలిపేసి మార్చిన కాపీ, అది పోదు.

ప్రొజెక్టర్‌లో "డైనమిక్", "బ్రైట్" మోడ్‌లు వద్దు. నలుపు తెలుపు బొమ్మకి అవి ఆకుపచ్చ ఛాయ తెస్తాయి. "సినిమా" మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ సున్నాకి దగ్గరగా తగ్గించండి, ఎక్కువ పెడితే ఫిల్ము మీద ఉండే సహజమైన గరుకు పురుగుల్లా కదులుతుంది. వెలుతురు దానంతటదే పెరిగి తగ్గే ఆటో ఐరిస్ ఉంటే ఆపేయండి. టీవీ మీద అయితే కదలికను నునుపు చేసే సెట్టింగ్ ఆపేయాలి, లేకపోతే సీరియల్‌లా కనిపిస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యం చీకటి. మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెల అంతా నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న ఛాయల్లోనే ఉంది. కిటికీ తెరల సందుల్లోంచి సాయంత్రం ఎండ పడుతుంటే ఎంత ఖరీదు ప్రొజెక్టరూ ఆ ఛాయల్ని చూపలేదు. వేసవిలో ఏడింటికి ముందు మొదలుపెట్టకండి.

ఇక శబ్దం. అప్పటి సౌండు ఫిల్ము పక్కన ఉండే ఆప్టికల్ ట్రాక్, ఒకటే ఛానెల్. దాన్లో పనికొచ్చే శబ్దం దాదాపు 8 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది. మాటలు తెలియడం లేదని ట్రెబుల్ మొత్తం పెంచితే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ పెరగదు. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింద తగ్గించండి (గుంయ్‌మనే మోత పోతుంది), 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ పెంచండి, 8 పైన కొద్దిగా తగ్గించండి. హల్లులు స్పష్టమవుతాయి. సరౌండ్, "హాల్", "మూవీ" ఎఫెక్టులు అన్నీ ఆపి, తెర పక్కన ఉన్న స్పీకర్లు మాత్రమే వాడండి. సెమినార్ హాళ్ళలో సీలింగ్ స్పీకర్లు ఉంటాయి, అవి ప్రసంగాలకు పెట్టినవి. మాట నెత్తి మీద నుంచి పడుతుంటే తెర మీద మనిషి మాట్లాడుతున్నట్టు చెవి నమ్మదు. ఖాళీ గోడల హాలైతే వెనక గోడకి దళసరి దుప్పట్లో, తెరలో కట్టినా ప్రతిధ్వని బాగా తగ్గుతుంది.

---

సెమినార్‌హాలు

చాలా థాంక్స్ అండీ. సీలింగ్ స్పీకర్ల సంగతి మా హాలుకి అచ్చంగా సరిపోయింది.

మాయాబజార్ నలుపు తెలుపు కాపీలు రెండు దొరికాయి. ఒకటి 2 గంటల 57 నిమిషాలు, ఇంకొకటి 2 గంటల 36 నిమిషాలు. అసలు నిడివి 184 నిమిషాలని చదివాను. అంటే రెండూ కోసినవేనా? రంగుల్లో వచ్చినది వేస్తే పిల్లలకు తేలిక అని కొందరు లెక్చరర్లు అంటున్నారు, దాని సంగతేంటి?

---

రీలుపెట్టె

మొదటిది కోత కాకపోవచ్చు. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25. వీడియోకి ఎక్కించేటప్పుడు వేగం కొద్దిగా పెంచి 25 చేస్తే సినిమా 4 శాతం తొందరగా అయిపోతుంది. 184 నిమిషాలది సుమారు 177 అవుతుంది, అంటే సరిగ్గా మీ 2:57. రెండోది ఏ లెక్కకీ అందదు, అక్కడ ఇరవై నిమిషాలు తీసేశారు. సాధారణంగా తీసేది పాటలు, పద్యాలు, రమణారెడ్డి, రేలంగి లాంటివాళ్ళ హాస్యం. సినిమాకి ఉన్న పాటల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కోటి ఉందో లేదో జరిపి చూస్తే పావుగంటలో తేలుతుంది.

2:57 కాపీలో ఒక లోపం ఉంటుంది. వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరకి దగ్గరగా వినపడుతుంది. ఘంటసాల గొంతులో గాంభీర్యం పలచబడినట్టు, లీల గొంతు సన్నబడినట్టు ఉంటుంది. సరిచేయడం తేలికే. వీఎల్‌సీ ఆడియో సెట్టింగుల్లో "టైమ్ స్ట్రెచింగ్ ఆడియో" అన్న టిక్కు తీసేయండి. తర్వాత కింద స్టేటస్ బార్‌లో వేగం అంకె మీద నొక్కి 0.96కి తెండి. టిక్కు తీయకుండా వేగం తగ్గిస్తే శ్రుతి అలాగే పైనే ఉండిపోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. చేసే ముందు తెలిసిన పాట ఒకటి ఆడియో సీడీ నుంచి వేసి పోల్చుకోండి. శ్రుతి సరిగ్గానే ఉంటే ముట్టుకోవద్దు.

రంగుల కాపీ 2010 జనవరి 30న విడుదలైంది, గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ చేసింది. ఎనిమిది, పదేళ్ళ పిల్లలకి ఇంట్లో చూపడానికి బాగుంటుంది, ఆ పని వెనక ఉన్న శ్రమా తక్కువది కాదు. ఫిల్మ్ క్లబ్బులో మాత్రం నలుపు తెలుపే వేయండి. కారణం అభిమానం కాదు. బార్ట్‌లీ దీపాలు అమర్చింది నలుపు తెలుపు ఫిల్ముకి. మొహానికీ వెనకున్న గోడకీ తేడా వెలుతురుతో చూపాడు. దాని మీద రంగు పూస్తే ఆ తేడా రంగులోకి మారి, కన్ను వేరే చోటికి పోతుంది. పైగా ఇప్పటి వెడల్పు తెరకి సర్దిన కాపీలో పైనా కిందా ఫ్రేము పోతుంది. మీవాళ్ళలో కెమెరా మీద ఆసక్తి ఉన్నవాళ్ళుంటే, "లాహిరి లాహిరి" పాట రెండు రకాలుగానూ వెంటవెంటనే వేసి చూపండి. ఆ పది నిమిషాలు ఒక క్లాసుతో సమానం.

---

ఓరుగల్లు

అన్నీ మంచిగనే చెప్పిన్రు గానీ, ఆరు సినిమాల్ల తెలంగాణ పల్లె ఒక్కటన్న లేకపాయె. మా భూమి లేకుండ 1980 దాక తెలుగు సినిమా అని ఎట్ల అంటరు?

గౌతమ్ ఘోష్ డైరెక్షన్, బి. నర్సింగరావు నిర్మాతల్ల ఒకరు. కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల. దొర గడీ, వెట్టి, పట్నం పోయి ఫ్యాక్టరీల పనిజేసుడు, సంఘం, రజాకార్లు, పోలీస్ యాక్షన్, ఆ తర్వాత మళ్ళ దొరలే టోపీలు మార్చి వచ్చుడు, అన్నీ ఒక్క పాలేరు పిలగాని బతుకులకెల్లి కనవడతయి. సాయిచంద్ చేసిండు ఆ పాత్ర. గద్దర్ పాడిన "బండెనక బండి కట్టి", సుద్దాల హనుమంతు రాసిన "పల్లెటూరి పిల్లగాడా" పాటలు ఇప్పటి పిల్లలకు ఎరుకే, సినిమా ఎరుక లేదు.

ఇది వేసే ముందు పది నిముషాల చరిత్ర తప్పదు. మాయాబజార్‌కు రెండు నిముషాలు చాలు, దీనికి చాలదు. 1946 నుంచి 1951 దాక సాయుధ పోరాటం, 1948 సెప్టెంబర్‌ల నిజాం రాజ్యం ఇండియాల కలుసుడు, ఈ రెండు తేదీలు బోర్డు మీద రాసి పెట్టున్రి. లేకుంటే చివరి అర్ధగంట, సైన్యం వచ్చినంక కూడ పోరాటం ఎందుకు ఆగలేదో సమజ్ కాదు, అసలు సినిమా జెప్పే మాటనే అది.

టైమ్ తక్కువుంటే ఒక ఊరి కథ (1977). మృణాల్ సేన్ తెలుగుల తీసిండు, ప్రేమ్‌చంద్ కఫన్ కథ. రెండు గంటల లోపే అయిపోతది. కాని మనసు బరువు జేస్తది, పరీక్షల ముందర వేయకున్రి.

---

కృష్ణాతీరం

ఓరుగల్లు గారు అన్నది నిజం. ఆరో సినిమా మా భూమి పెట్టండి. ముత్యాల ముగ్గు తర్వాత వేస్తే, అయిదేళ్ళ తేడాలో ఒకే భాషలో రెండు పల్లెలు ఎంత వేరుగా కనిపిస్తాయో వాళ్ళే మాట్లాడుకుంటారు.

---

ఆదివారం_బడి

ఇటు అమెరికాలో తెలుగు చదవడం రాని, వింటే సగం అర్థమయ్యే పిల్లలకు చూపేవాళ్ళకి పనికొచ్చే మాటలు రెండు. మీ కాలేజీలో వేరే రాష్ట్రాల విద్యార్థులు ఉంటే మీకూ పనికొస్తాయి.

సబ్‌టైటిల్ ఫైలు దొరికినా మాటతో కలవదు. ఎలా కలవడం లేదో చూస్తే మందు తెలుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే జరపడం చాలు: వీఎల్‌సీలో "జి", "హెచ్" మీటలు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను వెనకబడుతుంటే, అది పైన చెప్పిన 24, 25 ఫ్రేముల తేడానే. గంటకి దాదాపు రెండున్నర నిమిషాలు తప్పుతుంది, మీటలు నొక్కి లాభం లేదు. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేటు 24 నుంచి 25కి మార్చి సేవ్ చేయాలి. ఒక పాట దగ్గరి నుంచి హఠాత్తుగా నాలుగైదు నిమిషాలు తప్పితే, మీ కాపీలో ఆ పాట కోసేశారని అర్థం.

పద్యాలకు వరసకొక అనువాదం వేయకండి. గాయకుడు ఒక పాదాన్ని ఇరవై సెకన్లు ఆలాపిస్తుంటే కింద అక్షరాలు కదలకుండా నిలబడి ఉంటాయి, పిల్లలు విసుగెత్తిపోతారు. పద్యం మొదలయ్యే క్షణంలో మొత్తం భావం ఒకటి రెండు వాక్యాల్లో వేసి, ఆరేడు సెకన్లకు తీసేయండి. మిగతా సమయం చెవికి వదిలేయండి. తెలుగు వచ్చిన మీ విద్యార్థులకూ ఇదే పద్ధతి వేరే రూపంలో పనిచేస్తుంది. నర్తనశాల (1963) లాంటిది వేసే రోజున, ముఖ్యమైన పద్యాలు మూడు ఎంచుకుని, భావం, ఎవరు ఎవరితో అంటున్నారు అన్నది ఒక కాగితం మీద ముద్రించి ముందే పంచండి. పద్యం కథని ఆపేస్తుందని వాళ్ళ అపోహ. నిజానికి వాదన పదునెక్కే చోటే పద్యం వస్తుంది, అది పాత నాటకం స్టేజీ నుంచి తెచ్చుకున్న అలవాటు. ఎవరి మాటకి ఎవరు జవాబు చెబుతున్నారో తెలిస్తే ఆసక్తిగా వింటారు. మాయాబజార్ చూశాక రంగారావునే కీచకుడుగా చూపడం ఇంకో లాభం. ఆ వేషానికి జకార్తా ఆఫ్రో ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

చిల్లర లెక్కలు కూడా ఒకసారి చెప్పండి. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు. అది తెలియకపోతే జీతాల గురించి, అప్పుల గురించి వచ్చే హాస్యం సగం జారిపోతుంది.

---

కోర్టుపని

ఎవరూ ఎత్తని విషయం, అనుమతి. మన చట్టంలో సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1962లో వచ్చిన గుండమ్మ కథకి 2022తో అయిపోయింది. 1967 సినిమాకి 2027 చివరి దాకా ఉంటుంది. అయితే సినిమాకి అయిపోయినంత మాత్రాన అందులోని పాటకి అయిపోయినట్టు కాదు. రచయిత, స్వరకర్తల హక్కు వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. పింగళి గారు 1971లో పోయారు, ఘంటసాల గారు 1974లో. కాబట్టి పాటలు కత్తిరించి రీల్స్‌గా పెట్టడం వేరే సంగతి. రంగులు వేసిన కాపీ, కొత్తగా బాగుచేసిన కాపీ మీద ఆయా సంస్థలు వేరే హక్కులు చెప్పుకోవచ్చు.

మీకు ఊరట ఏమిటంటే, విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులకు మాత్రమే సినిమా చూపడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టకండి, బయటివాళ్ళని పిలవకండి, పోస్టర్ మీద "అందరికీ ఆహ్వానం" అని రాయకండి. బయటివాళ్ళని పిలవాలనుకుంటే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి.

ఆ ఉత్తరం రాసేటప్పుడే పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ని కూడా అడగండి. 2024 సెప్టెంబర్ 20 నుంచి 22 దాకా అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌తో కలిసి చాలా ఊళ్ళలో ఆయన నటించిన పది సినిమాలను థియేటర్లలో వేశారు. దేవదాసు, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ, సుడిగుండాలు అందులో ఉన్నాయి. అంటే థియేటర్ నాణ్యతలో కాపీలు ఉన్నాయన్నమాట.

---

సెమినార్‌హాలు

వరుస ఖాయం చేశాం: మిస్సమ్మ, సాక్షి, మాయాబజార్, మల్లీశ్వరి, ముత్యాల ముగ్గు, మా భూమి. చివరిగా ఒక్కటి. మూడు గంటల సినిమాకి ఇంటర్వెల్ సినిమాలో ఉన్నచోటే ఇవ్వాలా, మనకు వీలైనచోట ఇవ్వొచ్చా?

---

రీలుపెట్టె

"విశ్రాంతి" కార్డు ఉన్న కాపీ అయితే అక్కడే. కార్డు లేకపోతే 80, 90 నిమిషాల మధ్య, ఒక పాట పూర్తయి సన్నివేశం మారే చోట ముందే చూసి గడియారం అంకె రాసి పెట్టుకోండి. పాటకి ముందు ఆపకండి, తిరిగొచ్చేవాళ్ళ కుర్చీల చప్పుళ్ళలో పాట మొదలు పోతుంది. పన్నెండు నిమిషాలు చాలు. ఏడింటికి మొదలైతే మాయాబజార్ పది దాటి పావుగంటకి అవుతుంది, హాస్టల్ గేటు వేళ ముందే మాట్లాడి ఉంచండి. కాపీని ముందురోజే ఆ ప్రొజెక్టర్ మీద, ఆ స్పీకర్లతో, మొదట ఐదు నిమిషాలు, మధ్యలో ఒక పాట, చివర ఐదు నిమిషాలు వేసి చూడండి. చివరి రీలు సగంలో ఆగిపోయే కాపీలు నెట్‌లో చాలానే ఉన్నాయి.